గుండె స్కానింగు ఎకోలో ‘గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్ఫంక్షన్’ అని వచ్చింది, నాన్నేమో బీపీ మాత్ర మానేశారు. ఎలా చెప్పాలి?

కాలవగట్టు:

అందరికీ నమస్కారం. మా నాన్నకి 63 ఏళ్ళు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. అమ్మా ఆయనా పాలకొల్లులో ఉంటారు, నేను హైదరాబాద్ నిజాంపేటలో. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూశాను, మేడ మెట్లెక్కి వచ్చి ఒక నిమిషం గోడ పట్టుకుని నిలబడ్డారు. అడిగితే "మోకాళ్ళు" అన్నారు. మోకాళ్ళ నొప్పికి ఎవరైనా నోరు తెరిచి ఊపిరి పీలుస్తారా? బతిమాలి భీమవరం తీసుకెళ్ళి ఎకో తీయించాను.

రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా: ఎల్వీఈఎఫ్ 60 శాతం. మైల్డ్ కాన్సెంట్రిక్ ఎల్వీహెచ్. గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్ఫంక్షన్. ఆర్‌డబ్ల్యూఎంఏ లేదు. వాల్వులు నార్మల్. ఆ రోజు బీపీ 164/98. డాక్టరు గారు రెండు నిమిషాల్లో "కంగారేం లేదు, బీపీ వల్ల గుండె గోడ కాస్త దళసరెక్కింది, మాత్ర మానకండి, ఉప్పు తగ్గించండి" అని పంపేశారు. మా వెనక ముప్ఫై మంది ఉన్నారు, ఆయన్ని మాత్రం ఏమంటాం.

అసలు గొడవ ఇంటికొచ్చాక మొదలైంది. నాలుగేళ్ళ క్రితం రాసిన బీపీ మాత్ర, టెల్మీసార్టన్ 40, నాన్న ఎప్పుడో మానేశారట. "తలనొప్పి లేదు, కళ్ళు తిరగవు. ఒకసారి అలవాటు పడితే జీవితాంతం వదలదు ఆ మాత్ర" అంటారు. రిపోర్టు చూశాక ఇంకా ధీమా పెరిగింది. "60 అంటే ఫస్ట్ క్లాసు. గోడ దళసరైతే గుండె గట్టిదన్నట్టేగా!" అమ్మేమో 60 ఉందంటే 40 పోయినట్టేనని ఏడుస్తోంది. ఇద్దరికీ సర్దిచెప్పలేక చస్తున్నాను. ఆయనకి పెరుగన్నంలో మాగాయో ఊరమిరపకాయో లేకపోతే ముద్ద దిగదు.

ఈ గ్రేడ్ 1 అంటే ఏంటి? ఏమీ అనిపించని మనిషి చేత మాత్ర ఎలా వేయించాలి?

ప్రకృతి మిత్ర:

మేడం, టెన్షన్ పడకండి. అల్లం రసం, వెల్లుల్లి రసం, నిమ్మరసం, యాపిల్ వెనిగర్ ఒక్కో కప్పు తీసుకుని సన్నని సెగ మీద మరిగించి, తేనె కలిపి పరగడుపున మూడు చెంచాలు. ఎన్ని బ్లాకులున్నా కరిగిపోతాయి. మా బావగారికి బైపాస్ తప్పింది.

బోరు మోటారు, పల్నాడు:

చెల్లెమ్మా, ఆ కషాయం సంగతి చివర్లో చెప్తాను.

నేను డాక్టర్ని కాదు. నరసరావుపేటలో బోరు మోటార్లు బాగుచేస్తాను, వైండింగ్ కడతాను, 27 ఏళ్ళుగా ఇదే పని. 2019లో, 48 ఏళ్ళకి, హార్ట్ ఎటాక్ వచ్చింది. ఒక స్టెంట్ ఉంది. తర్వాత దుకాణం మూసుకుని కూర్చున్న నెలల్లో గుండె గురించి దొరికిందల్లా చదివాను, కనబడ్డ డాక్టర్నల్లా విసిగించాను. నాకు వచ్చింది మోటారు భాషే, అందులోనే చెప్తాను. మీ నాన్నగారు స్టీరింగ్ పట్టిన మనిషి కాబట్టి ఆయనకీ ఎక్కుతుంది.

గుండె పిడికిలంత ఉంటుంది, బరువు మూడొందల గ్రాములు అటూఇటూ. ఒక్కో కొట్టుకి 70 మిల్లీలీటర్లు తోడుతుంది, అంటే టీ కొట్టు గ్లాసు కంటే కాస్త తక్కువ. నిమిషానికి 72 సార్లు అనుకుంటే 5 లీటర్లు. రోజు మొత్తం మీద 7,000 లీటర్ల పైన, మేడ మీద పెట్టే వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకులు ఏడు. నా దుకాణంలో అన్నిటికంటే చిన్న మోటారు అర హెచ్‌పి, 373 వాట్లు. గుండె చేసే తోడకం లెక్క కడితే ఒక వాటు పైచిలుకు వచ్చింది. నమ్మకం కుదరక రెండుసార్లు వేశాను. అంత చిన్న మోటారు, పుట్టక ముందు నుంచీ ఒక్క షిఫ్టూ దిగకుండా తిరుగుతోంది.

ఇప్పుడు బీపీ. నీళ్ళని ఎంత ఎత్తుకి నెట్టాలో దాన్ని మేం హెడ్ అంటాం. బీపీ అంటే గుండెకి హెడ్డే. దాన్ని పాదరసం మిల్లీమీటర్లలో కొలుస్తారు. పాదరసం నీళ్ళకంటే 13.6 రెట్లు బరువు. 120 ని నీళ్ళ ఎత్తులోకి మారిస్తే అయిదడుగుల నాలుగంగుళాలు. మీ నాన్నగారి 164 ని మారిస్తే ఏడడుగుల నాలుగంగుళాలు. రెండడుగులు అదనం. ఒక్కసారి కాదమ్మా, రోజుకి లక్షసార్లు అంత ఎత్తుకి ఎత్తిపోయాలి. ఆ అదనాన్ని తగ్గించడానికే ఆ చిన్న తెల్లమాత్ర.

మోటారు మీద మోయలేని లోడు పడితే తెలుస్తుంది. నీళ్ళు తగ్గుతాయి, మోటారు వేడెక్కుతుంది, కరెంటు ఆపేసే రిలే ట్రిప్పవుతుంది, రైతు నాకు ఫోన్ చేస్తాడు. గుండెకి రిలే లేదు. అది కండ కాబట్టి, బస్తాలు మోసేవాడి భుజం లాగా ఒళ్ళు పెంచుకుని లాగుతుంది. ఎల్వీహెచ్ అంటే అదే, ఎడమ కింది గది గోడ దళసరెక్కడం. గట్టి గుండె అని మీ నాన్నగారు సంతోషిస్తున్నారు గానీ ఆ గోడ బిరుసెక్కుతుంది కూడా. ఎండకి ఎండిన పాత సైకిలు ట్యూబుకి గాలి కొట్టి చూడమనండి. గాలి పడుతుంది, కాకపోతే కొత్తదానిలా వెంటనే సాగదు. గుండె కూడా రక్తం నింపుకోవడానికి వదులవ్వాలి. ఆ వదులవ్వడం మందగించిందని చెప్పడమే గ్రేడ్ 1. అరవై దాటిన వాళ్ళలో చాలామందికి ఉంటుందని మా డాక్టరు గారు అన్నారు. కూర్చున్నప్పుడు తెలీదు. మెట్లెక్కితే గుండె వేగం పెరిగి నింపుకునే సమయం తగ్గిపోతుంది. వచ్చే రక్తం వెనక ఊపిరితిత్తుల వైపు ఒత్తిడి పెడుతుంది, ఆయాసం వస్తుంది. మెట్ల మీద గోడ పట్టుకోవడానికి ఇది ఒక కారణం కావచ్చు. బ్లాకు ఉన్నా అలాగే ఉంటుంది. కాబట్టి ఆ మెట్ల సంగతి డాక్టరుకి చెప్పారా లేదా? చెప్పకపోతే మళ్ళీ వెళ్ళి చెప్పండి. ముప్ఫై మంది కాదు, మూడొందల మంది ఉన్నా చెప్పండి.

ఇంకొకటి. సబ్‌మెర్సిబుల్ మోటారు తాను తోడే నీళ్ళలోనే మునిగి చల్లబడుతుంది. గుండెలో ఎప్పుడూ రక్తం ఉంటుంది కాబట్టి అదే తాగుతుందిలే అనుకున్నాను. అలా లేదు. బయటికి తోసిన రక్తంలోంచి, బృహద్ధమని మొదట్లోనే చీలే రెండు గొట్టాల ద్వారా, తన వాటా వెనక్కి తెచ్చుకుంటుంది. బిగిసినప్పుడు కండే ఆ సన్న గొట్టాలని నొక్కేస్తుంది. కాబట్టి ఎడమ గదికి తిండి అందేది ఎక్కువగా వదులైన ఆ అర సెకనులోనే. కూలివాడికి అన్నం తినే గంట తగ్గించి బస్తాలు పెంచితే ఎలా ఉంటుంది? బీపీ వదిలేసిన గుండె గతి అంతే.

ఇక నా సంగతి. మే నెల, రొంపిచర్ల వైపు ఒక నిమ్మతోటలో మోటారు పైకి లాగుతున్నాం. ఎడమ దవడ గుంజింది. పన్ను అనుకున్నాను. కాసేపటికి రొమ్ము మధ్యలో ఎవరో మోకాలు పెట్టి కూర్చున్నట్టయింది. చొక్కా పిండితే కారేంత చెమట, ఒళ్ళు మాత్రం చల్లగా. పొద్దున మిరపకాయ బజ్జీలు తిన్నానుగా, గ్యాసని నేను తీర్మానించాను, తోట రైతు బలపరిచాడు, నా హెల్పరు గోలీసోడా తెచ్చాడు. తేన్పొచ్చింది. కాస్త తగ్గినట్టే ఉంది. ఆ తేన్పే నా కొంప ముంచింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ గ్యాస్ ఇంజెక్షన్ ఇచ్చాడు. సాయంత్రం ఒక చోట ఈసీజీ తీసి బానే ఉంది ఇంటికెళ్ళమన్నారు. తెల్లవారుజామున మూడింటికి మళ్ళీ వచ్చింది. నేను వద్దంటూనే ఉన్నాను, నా భార్య 108కి ఫోన్ చేసేసింది. రెండో ఈసీజీలో దొరికింది.

మణికట్టులోంచి సన్నటి గొట్టం పంపి స్క్రీన్ మీద చూపించారు. రంగుమందు వదిలినప్పుడల్లా నాళాలు నల్లటి చెట్టు వేళ్ళలా పరుచుకుని మాయమవుతున్నాయి. ఒక వేరు సగంలో, కొడవలితో తెగ్గోసినట్టు, ఆగిపోయింది. స్టెంటు విచ్చుకున్నాక మళ్ళీ మందు వదిలారు. ఎండిన కాలవకి నీళ్ళొదిలితే చివరి మడి దాకా ఎలా పాకుతాయో అలా కొసదాకా పారింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. టెక్నీషియన్ కుర్రాడు నొప్పా అంకుల్ అని అడిగాడు.

కషాయం సంగతి. మా వైపు నీళ్ళకి జీఐ పైపులో తెల్లటి గార పడుతుంది, ఏళ్ళ తరబడి సన్నబడి ఒకరోజు పూడుకుపోతుంది. గుండె నాళమూ అంతేననుకున్నాను. మా డాక్టరు గారు నవ్వారు. ఆ కొవ్వు గొట్టం లోపల అంటుకోదట, గోడ మందంలోనే పేరుకుంటుందట, పైన పలచటి పొర కప్పుకుని, సెగ్గడ్డలా. నాళాన్ని సగం కూడా మూయని గడ్డే ఒకరోజు పొర చిట్లితే చాలు, అక్కడ రక్తం గడ్డకట్టి నిమిషాల్లో దారి మూసేస్తుంది. నిన్న షటిల్ ఆడినవాడు ఇవాళ పడిపోయేది అందుకే. గారకైతే యాసిడ్ పోసి కడుగుతాను. వెనిగర్ మాత్రం పోయేది పొట్టలోకి, నాళం గోడలోకి దానికి దారెక్కడుంది? వెల్లుల్లి పచ్చట్లో నూరుకోండి, బాగుంటుంది.

దాచకుండా ఇంకో ముక్క కూడా చెప్తాను. అప్పట్లో నాకు రోజుకో బీడీకట్ట.

రిటైర్డ్ సైన్సు మాష్టారు:

మోటారు బాబు హెడ్డు లెక్క చూసి ముచ్చటేసింది. 1733లో స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లీషు పాద్రీ అచ్చంగా అలాగే కొలిచి పుస్తకం వేశాడు. గుర్రం ధమనికి పొడవాటి గాజుగొట్టం తగిలించి నిలబెడితే రక్తం ఎనిమిదడుగుల మూడంగుళాలు లేచింది. గుర్రానికే ఎనిమిదడుగులు, మీ నాన్నగారికి ఏడున్నర దరిదాపు!

వదులవ్వడం గురించి కూడా ఒకటి చెప్పాలి. బిగించడానికే కష్టం, వదలడం తేలిక అనుకుంటాం. కండరానికి వదలడం కూడా పనే, దానికీ శక్తి ఖర్చవుతుంది. ప్రాణం పోయాక ఒళ్ళు కొయ్యబారేది ఆ శక్తినిచ్చే ఏటీపీ అయిపోయి కండ వదలలేకనే. ఆ ఏటీపీని 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి పట్టుకున్నవారు మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా కనుక్కున్నాడు. అమ్మాయీ, నువ్వు మీ నాన్నని ఎకోకి తీసుకెళ్ళావే భీమవరం, సుబ్బారావు గారు 1895లో పుట్టింది ఆ ఊళ్ళోనే. పాఠం చెప్పేటప్పుడు ఈ మాట అనగానే వెనక బెంచీ కూడా నిద్ర లేచేది.

నైట్ డ్యూటీ:

నేను క్యాథ్‌ల్యాబ్‌లో, అంటే గుండె నాళాల్లోకి గొట్టం పంపి చూసే గదిలో, టెక్నీషియన్‌ని. మోటారు అన్న చెప్పినదాంట్లో దిద్దాల్సింది పెద్దగా లేదు. మిగిలిపోయినవి చెప్తాను.

అక్కా, ముందు అమ్మగారి ఏడుపు ఆపండి. ఎల్వీఈఎఫ్ 60 శాతం అంటే ఎడమ గదిలో నిండిన రక్తంలో ఒక్కో కొట్టుకి నూటికి 60 వంతులు బయటికి వెళ్తోందని. గది ఎవరికీ పూర్తిగా ఖాళీ అవదు. 55 నుంచి 70 వరకూ నార్మలే, అసలు నూటికి నూరు అనేదే లేదు. కాబట్టి నాన్నగారి ఫస్ట్ క్లాసూ తప్పే, అమ్మగారి 40 పోవడమూ తప్పే. ఆర్‌డబ్ల్యూఎంఏ లేదంటే గోడలో ఏ ముక్కా కదలకుండా మొరాయించట్లేదని. అది మంచి మాటే. బ్లాకులు లేవని మాత్రం దాని అర్థం కాదు. విశ్రాంతిగా పడుకోబెట్టి తీసిన ఎకోలో, ఈసీజీలో బ్లాకులు కనపడకపోవచ్చు.

ఇంట్లో బీపీ మిషన్ కొనండి, మణికట్టుది కాకుండా జబ్బకి కట్టేది. కాఫీ తాగి అరగంటైనా ఆగాలి. వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, అయిదు నిమిషాలు మాటల్లేకుండా కూర్చున్నాక, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి తీయాలి. నిమిషం ఆగి ఇంకోసారి. పొద్దునా సాయంత్రం వారం రోజులు రాయండి. ఇంట్లో సగటున 135/85 దాటుతుంటే ఎక్కువున్నట్టే. మాత్ర అలవాటవడం గురించి, ఆయన కళ్ళజోడు పెట్టుకుంటారా? కళ్ళజోడుకి ఎవరూ బానిసలవరు, తీస్తే మసక వస్తుందంతే. ఇదీ అంతే.

ఉప్పు రోజుకి మనిషికి అయిదు గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఒక చెంచా, అదీ కూర, పప్పు, పచ్చడి, అప్పడం, మజ్జిగ అన్నీ కలిపి. లో సోడియం ఉప్పు అని అమ్ముతున్నారు కదా, అందులో పొటాషియం ఉంటుంది. టెల్మీసార్టన్ కూడా పొటాషియాన్ని పెంచగలదు. డాక్టర్ని అడగకుండా ఆ ప్యాకెట్ తేకండి. జేబులో గుండెనొప్పికి రాసే సార్బిట్రేట్ మాత్ర పెట్టుకుని ఛాతీలో కలుక్కుమన్నప్పుడల్లా నాలిక కింద వేసుకునేవాళ్ళనీ చూశాను. అది బీపీని ఒక్కసారిగా దించేస్తుంది, డాక్టరు రాస్తేనే వాడాలి. షుగరు పరీక్ష చేయించారా? షుగరున్నవాళ్ళకి ఎటాక్ వచ్చినా నొప్పి లేకుండా ఉత్త ఆయాసం, చెమట, నీరసంతో రావచ్చు.

మా టేబుల్ మీదికి వచ్చేవాళ్ళలో నలభైల్లో ఉన్నవాళ్ళు తక్కువేం కాదు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మన దక్షిణాసియా వాళ్ళకి మొదటి ఎటాక్ 53 ఏళ్ళ ప్రాంతంలో వస్తే మిగతా దేశాల వాళ్ళకి 59 దగ్గర వచ్చింది. బోరు అన్నకి 48. రాత్రి రెండింటికి వచ్చినవాళ్ళని "నొప్పెప్పుడు మొదలైంది" అని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒక్కటే: "సాయంత్రమే సార్, గ్యాసనుకున్నాం."

కాలవగట్టు:

పన్నెండు రోజుల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి ఏమనుకోకండి. అందరికీ దండాలు.

మోటారు అన్నయ్య రాసింది ఫోన్లో నాన్నకి చదివి వినిపించాను. స్పీకర్ పెట్టి అమ్మని కూడా కూర్చోమన్నాను. ఏడడుగుల నాలుగంగుళాల దగ్గర "ఆగు, మళ్ళీ చదువు" అన్నారు. చదివాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అంటే ఫుల్ లోడుతో మారేడుమిల్లి ఘాట్ ఎక్కిస్తూనే ఉన్నానన్నమాట, దిగుడే లేకుండా" అన్నారు. అంతే. మర్నాడు అమ్మ ఫోన్ చేసి, ఆయనంతట ఆయనే వెళ్ళి మందుల చీటీ వెతుక్కున్నారని చెప్పింది.

మళ్ళీ డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. మెట్ల సంగతి పోయినసారి నిజంగానే చెప్పలేదు, నాన్న పక్కనే కూర్చుని మోకాళ్ళంటుంటే నేనూ ఊరుకున్నాను. ఈసారి చెప్పాను. ఆయన పెన్ను పక్కన పెట్టి ఎన్ని మెట్లు, ఎంతసేపు, నొప్పి వస్తుందా అని అడిగారు. అదే మాత్ర మళ్ళీ మొదలుపెట్టించి, షుగరు, కొలెస్ట్రాలు, కిడ్నీ పరీక్షలు రాశారు. బీపీ కాస్త దిగాక ట్రెడ్‌మిల్ పరీక్షకి రమ్మన్నారు. షుగరు బోర్డర్లో ఉంది. మిషన్ కొన్నాం. నాన్న బీపీని గోడ క్యాలెండర్లో తిథి నక్షత్రాల పక్కన రాస్తున్నారు. నిన్న సాయంత్రం 146/90. డ్యూటీలో లాగ్‌షీట్ రాసిన చెయ్యి కదా, ఒక్క పూట తప్పలేదు.

ఊరమిరపకాయల డబ్బా అమ్మ అటక మీద పెట్టింది. ఆయన స్టూలేసుకుని ఎక్కి దించారు. అటక దాకా ఎక్కినా ఆయాసం రాలేదని దాన్నే సాక్ష్యంగా చూపించారు. చివరికి మాగాయ వారానికి రెండుసార్లు, అదీ ఒక్క టెంక అని రాజీ కుదిరింది.

అన్నయ్యా, ఇంకొక సంగతి. మీరు రాసిన ఆఖరి ముక్క చదివినప్పుడు నాన్న "అతను బీడీలు ఎలా మానాడో అడుగు" అన్నారు. ఊరికే అడిగారనుకున్నాను. ఇవాళ పొద్దున మళ్ళీ అడిగారు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన్ని చూస్తున్నాను, ఆయన కాలుస్తారని నాకు తెలీదు. అమ్మకి తెలుసట.

బోరు మోటారు, పల్నాడు:

చెల్లెమ్మా, మెసేజ్‌లో నా నంబరు పంపాను. ఆయన చేతికివ్వండి, మీరు పక్కన ఉండక్కర్లేదు. కూతురి ముందు మాట్లాడలేరు. సాయంత్రం ఏడు దాటాక దుకాణంలో ఖాళీగానే ఉంటాను. తెల్లారి కాఫీ తాగాక వచ్చే మొదటి బీడీ ఉంటుంది చూడండి, మిగతావన్నీ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు. దాని సంగతి ముందు చెప్పాలి ఆయనకి.